పడవకి ఎనిమిదా, పదిహేనా

బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడి ఉంది. బండి మీద సాయిగణేష్ వెనక కూర్చుని ఫోన్‌లో మెసేజ్ చదివి, నా హెల్మెట్‌తో అతని హెల్మెట్‌ని ఢీకొట్టాను.

"టీచర్ పోస్టింగ్ వచ్చేసింది సాయీ. తూర్పులంక బడి. సోమవారం చేరాలి."

పచ్చలైటు పడింది. వెనక ఆటోలన్నీ హారన్లు మోగిస్తున్నా మా ఆయన బండి కదిలించలేదు. మా ఆయన. పెళ్లయి రెండు నెలలైనా ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు గిలిగింతలు పెట్టినట్టుంటుంది. రోడ్డు పక్కకి తీసుకెళ్లి ఆపి, మెసేజ్ తనూ చదివి, మళ్లీ చదివి, చెరుకురసం తాగించాడు. ఒకే గ్లాసులో రెండు స్ట్రాలు. ఆ గ్లాసు అయ్యేసరికి ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. మధ్యలో నది ఉంది.

మా అత్తవారి ఊరు చల్లపల్లి దాటాక కృష్ణ ఒడ్డున. ఎదురుగా తూర్పులంక. మేడ మీద నిలబడితే బడి జెండా కర్ర కనబడుతుంది. కానీ రేవు పడవ బాగా పొద్దెక్కితే గానీ కదలదు, బడేమో తొమ్మిదికి. అయితే లంకలో గది తీసుకుని వారమంతా అక్కడే ఉండాలి. లేదా మామయ్యగారి పాత చెక్క పడవకి ఇంజను పెట్టించుకుని రోజూ వెళ్లి రావాలి. సాయి చల్లపల్లిలో రొయ్యల మేత షాపు వదిలి లంకకి రాలేడు. ఆదివారాల్లో మాత్రమే కలిసే మొగుడూ పెళ్లాలం అవుతామా అనుకుంటే చెరుకురసం చేదెక్కింది.

అక్కడి నుంచే మామయ్యగారికి ఫోన్ చేశాం. వెంకటప్పయ్యగారు ఒప్పుకుంటూనే షరతు పెట్టారు.

"పెట్టండి, కాదనను. నేనూ ఎక్కి చూస్తా. నది మధ్యలో ఒక్కసారి ఆగినా అమ్మాయి లంకలో గది తీసుకోవాల్సిందే. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు."

పడవ ఇంజన్ల షాపులో సాంబశివరావుగారు మా పడవ ఫోటోలు పెద్దవి చేసి చూశారు. సాయి కళ్లు అప్పటికే పదిహేను హార్స్‌పవర్ ఇంజను మీద ఉన్నాయి.

"అది మీ పడవకి వద్దండీ," అన్నారాయన. "పాత చెక్క. పదిహేను పెడితే వెనక చెక్కని ఊపి ఊపి మేకులు వదిలించేస్తుంది. ఎనిమిది చాలు. నీళ్లలో తిరిగే పంకా దాకా దిగే కాడ పొట్టిదే, మీ పడవ ఎత్తుకి సరిపోద్ది. రేపు పెట్టి చూడండి, కుదరకపోతే మార్చిస్తా."

"ఎదురు నీళ్లలో లాగుతుందాండీ?"

"సరిగ్గా బిగిస్తే లాగుతుంది."

ఎనిమిదే కొన్నాం, కానీ సరిగ్గా బిగించడం గురించి మేమిద్దరం ఇంకేమీ అడగలేదు. లైఫ్ జాకెట్ల రంగు ఎంచుకోవడంలో పడిపోయాం.

మా అత్తవారింట్లో ఒక అలవాటు ఉంది. ఇంట్లో పెళ్లయితే పడవకి కూడా కొత్త రంగు వేసి, వెనక చెక్క మీద కొత్త జంట పేర్లు రాయిస్తారు. ఆ రంగు వెలిసిపోయేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోరు. మా పడవ నీలం, దాని మీద పసుపుపచ్చ అక్షరాల్లో సింధూరి, సాయిగణేష్, మధ్యలో ఒక చిలక. శనివారం పొద్దున ఇంజను బిగించే ఇనుప పట్టీ ఆనించి చూస్తే సరిగ్గా నా పేరు మీదికి వచ్చింది.

"నీ పేరు నలిపెయ్యమంటావా?" అన్నాడు సాయి. పాత తలుపు నుంచి మందపాటి టేకు చెక్క కోసుకొచ్చి, వెనక చెక్క పైన నిలబెట్టి బోల్టులు వేశాడు. ఇంజను దాని మీద బిగించాం. బెత్తెడు పైకి లేచింది. పేర్లు, చిలక చెక్కుచెదరలేదు. నేను ఫోటో కూడా తీశాను.

లంకకి పడవ ఖాళీగా పోకూడదని మామయ్యగారి పద్ధతి. చేలోకి యూరియా బస్తాలు రెండు ముందు భాగంలో వేయించారు. ఒడ్డు మీద మా అత్తగారు కనకలక్ష్మిగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆవిడకి నీళ్లంటే భయం.

తాడు రెండోసారి లాగేసరికి ఇంజను అందుకుంది. మామయ్యగారితో సహా ముగ్గురం వెనకే కూర్చున్నాం. పడవ నీటిని రెండుగా కోసుకుంటూ పోతుంటే నేను నవ్వాపుకోలేకపోయాను. సోమవారం ఇదే గాలికి నా బడి పిల్లల హాజరు పట్టీ ఎగిరిపోతుందేమోనని కూడా దిగులు పడ్డాను.

నది మధ్యకి వచ్చాక మామయ్యగారు అలవాటు కొద్దీ గెడ పట్టుకుని ముందుకి వెళ్లారు. ఆయనకి నీళ్లు తాగించడానికి నేనూ సీసా పట్టుకుని వెళ్లాను. అప్పుడే ఇంజను చప్పుడు మారింది. గొంతు చించుకుని అరిచినట్టు సన్నగా, పైకి. పడవ మాత్రం కదలడం లేదు.

"ఎక్సిలేటర్ ఎక్కువిచ్చావా?" అన్నారు మామయ్యగారు.

"ఫుల్లు తిప్పాను నాన్నా. లాగట్లేదు."

పైన బ్యారేజీలో నీళ్లు వదిలినట్టున్నారు, వడి పెరిగింది. పడవ పక్కకి తిరిగి కిందికి కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. కింద వంతెన కోసం ఎప్పుడో వేసి వదిలేసిన సిమెంటు స్తంభాలున్నాయి. మామయ్యగారు గెడ దించారు. అడుగు అందలేదు.

మొదటి స్తంభం చుట్టూ నీళ్లు తెల్లగా మరుగుతున్నాయి. నేను బల్లలు పట్టుకుని పాకుతూ సాయి దగ్గరికి వెళ్లిపోయాను. ధైర్యం కాదు, అతని చొక్కా పట్టుకోవాలనిపించింది, అంతే. నేను పక్కన కూలబడగానే ఇంజను అరుపు కాస్త తగ్గింది. పడవ ఒక్క కుదుపుతో ముందుకు కదిలింది.

"ఇప్పుడేం చేశావు?" అన్నాను.

"ఏం చెయ్యలేదు."

"సాయీ, నువ్వు చెయ్యి తియ్యకు. మామయ్యగారూ, మీరూ వెనక్కి రండి."

అందరి ముందూ మీరు అనే దాన్ని, నువ్వు అనేశానని తర్వాత గానీ తట్టలేదు.

"ముందు ఎవరు చూస్తారమ్మా?"

"ఎవరూ చూడక్కర్లేదు, రండి ముందు."

నది మధ్యకి వచ్చాక ముందు భాగం వదిలి ఆయన ఎప్పుడూ వెనక కూర్చోలేదట. గెడ వదిలి వచ్చారు. ముగ్గురం వెనక ఒరుసుకుని కూర్చునేసరికి పంకా నీళ్లని పట్టుకుంది. చప్పుడు బరువుగా దిగింది. స్తంభం చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా పక్క నుంచి జారిపోయింది. దాని మీద నాచు వాసన ఇంకా ముక్కులోనే ఉంది.

వెనక్కి తిరిగి మా రేవుకి చేరాక మామయ్యగారు తాడు కట్టి, కండువాతో ముఖం తుడుచుకుని అన్నారు. "గది చూసుకోండి."

సాయి అప్పటికే ఫోన్ తీశాడు. "పదిహేను తెస్తాను నాన్నా. ఎనిమిదికి బలం చాల్లేదు."

"బలం కాదు," అన్నాను. "మనం వెనక కూర్చుంటే లాగింది. ముందుకెళ్తే లాగలేదు. బలం మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూసి వస్తుందా?"

మాటలతో వాళ్లు నమ్మేలా లేరు. నేను మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, మామయ్యగారిని మళ్లీ ముందు బస్తాల పక్కన కూర్చోమన్నాను. పడవ ముక్కు కిందికి దిగింది. వెనక భాగం లేచింది. సాయి వంగి చూశాడు. పంకా పై రెక్క నీటి బయట మెరుస్తోంది.

"నీళ్లని కాదు, గాలిని తిప్పుతోంది నాన్నా," అన్నాడు మెల్లగా. "నేను పెట్టిన చెక్క వల్లే. బెత్తెడు కిందికి దించాలి."

"దించితే?"

"పేర్ల మీద బిగించాలి."

ఒడ్డు మీద నుంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "కొత్త పెళ్లికూతురి పేరు మీద ఇనుప పట్టీయా? మీ తాతయ్య పెళ్లి నాటి నుంచి ఒక్కరి పేరూ గీకలేదురా."

"అత్తయ్యగారూ, పేరు భద్రంగా ఇక్కడుంటే నేను అక్కడుండాలి," అన్నాను. చేత్తో లంక వైపు చూపించాను.

ఆవిడ లంక వైపు చూశారు. తర్వాత మామయ్యగారి వైపు తిరిగారు.

"ఇంకోసారి ఆగితే?"

"ఆగితే గదే. అందులో మార్పు లేదు," అన్నారాయన.

"సరే. పేర్లదేముంది, లోపలి వైపు రాయించుకోవచ్చు." అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని రేవు మెట్టు మీదికి దిగారు. "ఆ పదిహేను సంగతి ఇవాళ ఎత్తకురా. రేపు పొద్దున టిఫిన్లు కాగానే ఆ తలుపు చెక్క పీకెయ్యి, ఎనిమిదే కిందికి దించి బిగించు. బస్తాలు ముందే ఉండనివ్వండి. వాటి పక్కన నేను కూర్చుంటా."

"నువ్వా?" అన్నారు మామయ్యగారు.

"ముందు బరువు పడితేనే కదా ఆగింది, ఆ బరువుతోనే చూద్దాం. ఈ ఇంట్లో నాకంటే బరువైనోళ్లు ఎవరున్నారు? నాకు పట్టే జాకెట్ ఉందో లేదో చూడండి."