నూట అరవై దాటితే అటక మీదికి

నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. మూడో తరగతితో చదువు ఆపేశాను. మాటలు అంతకుముందే ఆపేశానని మా ఆవిడ అంటుండేది. ఆవిడ తమ్ముడు రిటైరైన బస్సు కండక్టరు. నా వంతు మాటలు కూడా వాడే మాట్లాడేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం చదరంగం ఆడతాం. ఎక్కువసార్లు గెలుపు నాదే. నా ముఖం చూసి నా ఎత్తు కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

మొన్నామధ్య ఆట మధ్యలో లేవబోతే కళ్లు తిరిగాయి. డాక్టరు బీపీ చూసి, "చదరంగమంటే టెన్షన్ తాతగారూ, మానేయండి" అన్నాడు. ఆయన ఎప్పుడైనా ఆడాడో లేదో నేను అడగలేదు.

కోడలు నర్సు. కాస్త దయ తలిచింది.

"ఆడుకోండి మామయ్యా. కానీ చేతికి పట్టీ కట్టుకునే ఆడాలి. పావుగంటకోసారి బీపీ చూస్తాను. నూట అరవై దాటిందా, బోర్డు అటకెక్కుతుంది."

తలూపాను. ఆ ఆదివారం లేకపోతే నాకు వారమే లేదు.

మొదటిరోజు బావమరిది మంత్రి మీద కన్నేశాను. ఇంకో రెండెత్తుల్లో నా గుర్రానికి దొరికిపోతుంది. అంతలో మిషన్ కీచుమంది. నూట యాభై రెండు. వాడు అంకె చూశాడు, బోర్డు చూశాడు, మళ్లీ అంకె చూశాడు. మంత్రిని పక్కకి లాగేసుకున్నాడు.

"నోరు మెదపవు గానీ బావా, నీ చెయ్యి వట్టి వాగుడుకాయ!"

వరసగా మూడు ఆదివారాలు ఓడిపోయాను. మూడోసారి ఒళ్లు మండి నూట యాభై తొమ్మిది. కోడలు అటక వైపు చూసింది.

"మెల్లగా ఊపిరి పీల్చండి మామయ్యా. ఏదైనా మంచి విషయం తలుచుకోండి."

"నేను ఎదురుగానే ఉన్నాను కదమ్మా, ఇంకేం తలుచుకుంటాడు?" అన్నాడు వాడు.

నాకు తెలిసిన మంచి విషయం తాళమే. మొండికేసిన తాళం మీద కోప్పడితే చేతిలో తీగ విరుగుతుంది. చెయ్యి వదులు చెయ్యాలి, చూపు ఎక్కడో పెట్టాలి. నాలుగో వారం ఎత్తు దొరకగానే బోర్డు వదిలేసి కిటికీలోంచి చూశాను. మనసులో ఓ పాత ఇనప్పెట్టె తాళం విప్పుతూ కూర్చున్నాను. నూట ముప్పై.

"ఇవాళ బావ బుర్ర ఖాళీ. రైట్ రైట్!" అంటూ వాడు ముందుకొచ్చాడు. ఆరో ఎత్తుకి ఆట కట్టించాను.

తర్వాత ఇంకో విద్య పట్టుబడింది. ఏ ఎత్తూ తోచనప్పుడు ఆ డాక్టరు ముఖం తలుచుకునేవాణ్ణి. అంకె నూట యాభై ఐదుకి లేచేది. వాడు గాభరాపడి, లేని ప్రమాదానికి రాజు చుట్టూ కాపలా పెట్టుకునేవాడు. చెమటలు కారేవి. ఒకరోజు కోడలు వాడి అవతారం చూసి, నా చేతి పట్టీ విప్పి వాడికి కట్టింది. నూట డెబ్బై నాలుగు.

బోర్డు అటకెక్కింది.

"నా చేతి అంకె దాటితేనే అన్నావు కదమ్మా" అన్నాను కోడలితో. ఆ నెలలో నేను మాట్లాడిన పెద్ద మాట అదే.

"ఏ చెయ్యైనా ఒకటే మామయ్యా."

మరుసటి ఆదివారం కూడా వాడు వచ్చాడు. మధ్యలో బోర్డు లేదు. ఆడేటప్పుడైతే ఎత్తు కోసం ఆలోచిస్తూ కాసేపు నోరు మూసేవాడు. ఇప్పుడు ఆ పనీ తప్పింది. పన్నెండో నంబరు బస్సులో టిక్కెట్టు మింగేసినవాడి కథ ఎత్తుకున్నాడు. అది నాకు నోటికొచ్చు. కోడలు అలవాటుగా పట్టీ కట్టింది. నూట యాభై. తిరుగు ట్రిప్పు మొదలయ్యేసరికి నూట అరవై ఆరు. ఈసారి డాక్టర్ని తలుచుకోలేదు, ఒట్టు.

వాడిదీ చూసింది. నూట ఇరవై రెండు.

"చూశావా, మాట్లాడుకుంటే ఎంత హాయో!" అన్నాడు వాడు.

కోడలు నా అంకె, వాడి అంకె పక్కపక్కన పెట్టి చూసింది. కుర్చీ తెచ్చి అటక కింద వేసింది.

"రేపు డాక్టరుకి ఏం చెప్పమంటారు మామయ్యా?" అంది బోర్డు అందిస్తూ.

"బస్సెక్కడం మానేశానని చెప్పమ్మా" అని బంట్లు పేర్చాను.