తెల్లబడ్డ పిల్ల

నా కూతురు చిన్నతల్లి తెల్లబడుతోందని మా అత్త మరిడమ్మ ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. తన పుట్టింటివాళ్ల రంగు పిల్లకు ఆలస్యంగా వచ్చిందట. ఐదేళ్ల పిల్ల అరుగు ఎక్కడానికే ఆయాసపడుతుంటే రంగు గొడవేమిటని నేను విసుక్కునేదాన్ని. చదువుకున్నదానివి కదా, నీకన్నీ జబ్బులే కనపడతాయని ఆవిడ తిప్పికొట్టేది.

జబ్బు ఉంది. తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు, ఎప్పటికప్పుడు ఎక్కిస్తూ ఉండాలి. రెండుసార్లు ఎక్కించాక, ఎవరిదో రక్తం మన పిల్లకు ఇక వద్దని అత్త పట్టుబట్టింది. మా ఆయన తల్లి మాట దాటరు. విశాఖపట్నం డాక్టరమ్మ అత్త ఎదుటే చెబితే తప్ప పిల్లకు రక్తం అందదు. అందుకే ఆ డాక్టరమ్మ పొందూరు ఆసుపత్రిలో కంప్యూటరు తెర మీద మాట్లాడే రోజున అత్తను కూడా రమ్మన్నాను.

నేను వంట ముగించి వచ్చేసరికి పిల్ల మొహం నిండా పౌడరు, కళ్లకు కాటుక. రాత్రి పెట్టిన గోరింటాకు అరచేతుల నిండా ఎర్రగా పండి ఉంది.

"ఏంటత్తా ఇది?"

"టీవీలో అగుపిస్తాది కదే. పెద్ద డాట్రమ్మ ముందర దిక్కులేని పిల్లలాగ కూకోబెడతావేటి?"

కడుగుదామనుకునేలోపే ఆటో వచ్చేసింది. ఆసుపత్రికి వెళ్తే కరెంటు లేదు. కరెంటు వచ్చాక నెట్టు లేదు. కంప్యూటరు చూసే గోవింద్ తీగలు పీకి మళ్లీ పెడుతూ కూర్చున్నాడు. పిల్ల ఏడుస్తుంటే అత్త బయటికి తీసుకెళ్లి ఎర్రటి పుల్లైసు కొనిచ్చింది.

చివరికి తెర వెలిగింది. రక్త పరీక్ష ఫలితం ఇంకా రాలేదు కాబట్టి ఒంట్లో ఎరుపు ఎంత ఉందో చూసే చెబుతానంది డాక్టరమ్మ. అరచెయ్యి చూపించమంది. గోరింటాకు. నాలుక చూపించమంది. పుల్లైసు. మొహం దగ్గరగా తెమ్మంది. పౌడరు.

"పాప బాగానే ఉన్నట్టుంది కదమ్మా" అంది.

అత్త నా వైపు గెలిచినట్టు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. గోరింటాకు దగ్గర్నుంచి పుల్లైసు దాకా అన్నీ చెప్పేశాను. డాక్టరమ్మ కోప్పడలేదు. పిల్ల కింది రెప్ప లాగి పట్టుకోమంది. ఆ వెలుతురులో రంగు పోల్చుకోవడానికి మామ్మగారిని కూడా పక్కనే కూర్చుని అలాగే చెయ్యమంది.

తెర మూలన చిన్న గడిలో మా బొమ్మ మాకే కనపడుతుంది. అందులో రెండు కళ్లు, పక్కపక్కన. అత్త రెప్ప లోపల ఎర్రగా ఉంది. పిల్లది నానిన బియ్యంలా తెల్లగా ఉంది.

ఆ గడినే చూస్తూ అత్త రెప్ప వదలడం మరిచిపోయింది.

"ఈ తెలుపేనేటే, నాను ఊరంతా సెప్పుకున్నాది?" అంది నాతో.

ఇవాళే శ్రీకాకుళం తీసుకెళ్లి రక్తం ఎక్కించాలని, అక్కడికి తానే ఫోను చేస్తానని డాక్టరమ్మ చెప్పింది. అత్త ఈసారి వద్దనలేదు. అయితే తన రక్తమే ఇస్తానంది. అంత వయసువాళ్ల దగ్గర తీసుకోరని గోవింద్ అంటే, నీకేటి తెలుసురా అని కసిరింది.

ఆటోలో పిల్ల నా ఒళ్లో పడుకుంది. తడి కొంగుతో దాని మొహం తుడుస్తుంటే అత్త సంచిలోంచి పౌడరు డబ్బా తీసింది. నాకు ఓపిక పోయింది.

"మళ్లీనా అత్తా? ఆ డబ్బా రోడ్డు మీద పారేస్తాను."

"పిల్లకి కాదే" అంటూ అరచేతిలో పోసుకుని తన మొహానికే రాసుకోసాగింది. "ముసిల్దని నన్ను తిప్పి పంపీకుండా."

పౌడరు నుదుటి ముడతల్లో గీతలు కట్టింది. ఇలా వెళ్తే ఇంకా ముసలిదానిలా కనిపిస్తావని విసుక్కుంటూ, కొంగు అంచుతో సరిచేశాను.