పదకొండో నంబరు చొక్కా

రుచిత వేసిన బంతి మళ్లీ దారి తప్పింది. క్యాచరు గెంతినా అందలేదు. వెనక కట్టిన వలకు తగిలి కింద పడింది. అంపైరు నాలుగు వేళ్లు చూపించాడు. నాలుగు బంతులు చెడితే బ్యాటరు ఊరికే మొదటి బేస్‌కు వెళ్లిపోవచ్చు. నెల్లూరు అమ్మాయి బ్యాటు కింద పడేసి, సంతకు బయల్దేరిన మనిషిలా తాపీగా నడిచి వెళ్లింది. మూడో ఇన్నింగ్స్ ఇంకా పూర్తి కాలేదు. అలా నడిచిపోయినవాళ్లు అప్పటికి ఐదుగురు.

బెంచీ చివర కూర్చున్న సువార్త కుడిచేతిని తొడ కింద నొక్కి పెట్టుకుంది. లేకపోతే ఆ చెయ్యి దానంతటదే ఆడుతుంది. బంతిని ఎక్కడ వదలాలో, మణికట్టును ఎప్పుడు విసరాలో ఆ చేతికి తెలుసు. తెలిసిన చెయ్యి ఊరికే కూర్చుంటే, ఆకలితో ఉన్నవాడి ఎదుట ఇంకొకడు అన్నం పారబోస్తున్నట్టుంటుంది.

2002 వేసవి. తిరువూరు కాలేజీ గ్రౌండులో రెండు రోజులుగా జూనియర్ బాలికల సాఫ్ట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. షామియానా కింద ముగ్గురు సెలెక్టర్లు నోటుపుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. రాష్ట్ర జట్టుకు బంతి వేసే పిచ్చర్లను వాళ్లే ఎంచుతారు. షామియానాకు ఎదురుగా, నీడలేని చోట, ఏసోబు గొంతుక్కూర్చుని తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. మామిడి యార్డులో పెట్టెలు మోసే పనికి ఆ రోజు ఎగనామం పెట్టి, డెబ్బై రూపాయల కూలి వదులుకుని, కూతురి ఆట మొదటిసారి చూడటానికి వచ్చాడు. పొద్దుటి నుంచి రెండు మ్యాచ్‌లు అయిపోయాయి. ఇది మూడోది. కూతురు బెంచీ మీద నుంచి లేవలేదు.

సువార్తకు బంతి వెయ్యడం నేర్పింది హైస్కూలు డ్రిల్లు టీచరు సరోజినీదేవి. గ్రౌండు బయట పడ్డ బంతిని ఈ పిల్ల అంత దూరం నుంచి తిన్నగా విసరడం చూసి, పిలిచి, చేతిని భుజం మీదుగా గుండ్రంగా తిప్పి నడుం దగ్గర బంతి వదలడం చూపించింది. సువార్త చర్చి వెనకగోడ మీద బొగ్గుతో చతురస్రం గీసుకుని రోజూ రెండొందల బంతులు వేసేది. సున్నం పెచ్చులు రాలుతున్నాయని పాస్టరుగారు మొదట కోప్పడ్డారు. తర్వాత ఆయనే ఒక కుర్చీ తెచ్చుకుని చూస్తూ కూర్చునేవారు. ఏడాది తిరిగేసరికి విస్సన్నపేటలో గానీ ఎ.కొండూరులో గానీ ఆమె బంతిని తాకిన పిల్ల లేదు.

ఆ ఏడే మామిడి యార్డు యజమాని అంకారావు, సువార్త చేరిన ప్రగతి క్లబ్బుకు ప్రెసిడెంటు అయ్యాడు. జట్టుకు గ్లవ్వులు, చొక్కాలు, బస్సు ఖర్చులు అన్నీ ఆయనవే. ఆయన కూతురు రుచితకు ఇంటర్లో మార్కులు అంతంతమాత్రం. ఆటల కోటాలో ఇంజనీరింగు సీటు రావాలంటే రాష్ట్ర జట్టులో ఆడిన సర్టిఫికెట్టు కావాలి. ఆ పిల్లకు బంతంటే భయం. అయినా పిచ్చరయింది.

ఖమ్మం, గుంటూరు, అనంతపురం. జట్టు ఎక్కడికి వెళ్లినా సువార్తను తీసుకువెళ్లారు. సామాన్ల సంచి మోసింది. ప్రాక్టీసులో బ్యాటర్లకు చెయ్యి వాచేదాకా బంతులు వేసింది. మ్యాచ్ మొదలవగానే బెంచీ ఎక్కింది. "వచ్చే మ్యాచ్‌లో చూద్దాంలే" అనేవాడు క్లబ్బు కార్యదర్శి, కోచ్ శరత్‌చంద్ర. ఇంటికి రాగానే ఏసోబు "ఎన్ని బంతులేశావమ్మా?" అని అడిగేవాడు. ముప్పై అనీ, నలభై అనీ ఆ పిల్ల చెప్పేది. ఆయన యార్డులో తోటివాళ్లకు ఆ లెక్క ఇంకో పది కలిపి చెప్పుకునేవాడు.

మూడో ఇన్నింగ్స్ ముగిసేసరికి నెల్లూరుకు ఐదు పరుగులు, ప్రగతి క్లబ్బుకు ఒకటి. శరత్‌చంద్ర బెంచీ దగ్గరికి వచ్చి సువార్త భుజం తట్టాడు.

"లే. నీ టైమొచ్చింది. మిగతా మ్యాచ్ నువ్వే వెయ్యాలి."

సువార్త లేచి నిలబడింది. చెయ్యి రెండుసార్లు గిర్రున తిప్పుకుని తండ్రి వైపు చూసింది. ఏసోబు కూడా లేచి నిలబడ్డాడు.

"అటు కాదు. ఇట్రా" అని శరత్‌చంద్ర షామియానా వెనక్కి దారితీశాడు.

అక్కడ తెల్లకారు ఆగి ఉంది. వెనక సీట్లో రుచిత చున్నీ కప్పుకుని, బొబ్బలెక్కిన వేళ్లు ఊదుకుంటోంది. కారుకు ఆనుకుని అంకారావు అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. ఇప్పుడే భోంచేసినట్టున్నాడు. పక్కన సరోజినీదేవి నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. ఆమె చేతుల్లో రుచిత చొక్కా. పదకొండో నంబరు. చెమటకు తడిసి ముద్దగా ఉంది.

"ఇదేసుకో. టోపీ కళ్ల మీదికి లాక్కో" అన్నాడు శరత్‌చంద్ర. "ఎవరన్నా పేరడిగితే నువ్వు మాట్లాడకు. నేను చూసుకుంటా."

"నాకు చొక్కా ఉందిగా సార్. పదహారు."

"ఇవాళ్టికి ఇది."

సువార్తకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నేనేస్తే రుచిత వేసినట్టు రాసుకుంటారా?"

కారులోంచి రుచిత గొంతు వినిపించింది. "డాడీ, నాకొద్దని చెప్పాగా."

"నువ్వు అద్దం ఎక్కించుకో" అన్నాడు అంకారావు అటు తిరక్కుండానే. అగ్గిపుల్ల చివర అంటిన మాంసం పీచు చూసుకుని, విదిలించి, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. "ఏమ్మాయ్, ఆడనివ్వట్లేదని మీ మేడమ్ దగ్గర ఏడ్చావంటగా? ఇదిగో, కావలసినంత ఆడుకో. ఎవరొద్దన్నారు? మా పిల్లకి సీటొచ్చిందంటే మీ నాన్నని యార్డులో మేస్త్రీని చేస్తా. మొయ్యక్కర్లా, నుంచుని చూసుకుంటే చాలు."

ఆయన గొంతులో కోపం లేదు. అదే సువార్తకు ఎక్కువ అసహ్యమనిపించింది. కాయలు త్వరగా పండాలని కార్బైడు పొట్లాలు పెట్టించేటప్పుడు కూడా ఆయన ఇలాగే, ఇంత చల్లగానే మాట్లాడతాడని తండ్రి చెప్పేవాడు.

"మేడమ్, మీరు చెప్పండి" అంది సువార్త.

సరోజినీదేవి చొక్కాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఒక్క మ్యాచే కదమ్మా. జూన్‌లో నా కాంట్రాక్టు అయిపోతుంది. మళ్లీ ఇవ్వాలంటే వీళ్లు చెప్పాలి..."

"నా చొక్కాతోనే వేస్తాను సార్. గెలిపిస్తాను. ఒట్టు."

"ఎలా వేస్తావే? ఆ నంబరు లిస్టులో లేదు" అని కసిరాడు శరత్‌చంద్ర. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు.

"ఈ మ్యాచ్ లిస్టులోనా సార్?"

సరోజినీదేవి తలెత్తకుండా చెప్పింది. "ఏ లిస్టులోనూ లేదమ్మా. ఖమ్మం నుంచీ లేదు. నాకు తెలుసు."

ప్రతి మ్యాచ్‌లోనూ ఇంకో ఇన్నింగ్స్‌కు పిలుస్తారేమో, ఇంకో ఇన్నింగ్స్‌కు పిలుస్తారేమోనని ఆ పిల్ల నీళ్లు తాగడానికి కూడా బెంచీ వదిలేది కాదు. ఇప్పుడు ఏడుపు కూడా రాలేదు.

"ఏరా ఏసోబూ, ఇట్రా" అని అంకారావు కేకేశాడు. ఏసోబు తలకు చుట్టిన తువ్వాలు విప్పి చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు. అంకారావు విషయం నాలుగు ముక్కల్లో చెప్పి, "నీ కూతురికి బుద్ధి చెప్పు. తర్వాత మళ్లీ పెట్టె ఎత్తే పని ఉంటదో ఉండదో నువ్వే చూసుకో" అన్నాడు.

ఏసోబు ఒకసారి యజమానిని, ఒకసారి కూతుర్ని చూశాడు.

"ఏసెయ్యమ్మా" అన్నాడు మెల్లగా. "చొక్కాదేముంది. బంతులు నీయేగా. చూసేవోళ్లకి తెలుసుద్ది."

"తెలీదు నాన్నా. నంబరు చూసి రాసుకుంటారు" అంది సువార్త. "నాన్నా, గుంటూర్లో ముప్పై బంతులేశానని చెప్పాగా. అబద్ధం. ఒక్కటి కూడా వెయ్యలా. ఏ ఊళ్లోనూ వెయ్యలా. అసలు నా పేరే రాయలేదంట."

ఏసోబుకు యార్డులో తను చెప్పుకున్న మాటలన్నీ గుర్తుకొచ్చాయేమో, చెవులు ఎర్రబడ్డాయి. చంకలోని తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, భుజం మీద వేసుకున్నాడు. అంకారావు ఎదుట ఆయన తువ్వాలు భుజం మీద వేసుకోవడం అదే మొదటిసారి.

"అయ్యా, పేరే లేనప్పుడు పిల్లని అన్నూళ్లు ఎందుకు తిప్పారండీ?"

అంకారావు నోట్లో అగ్గిపుల్ల ఆగిపోయింది.

"ఏంట్రా?"

"పొద్దుట్నించీ ఆ ఎండలో కూచున్నామండీ. ఎందుకు కూచోబెట్టారని అడుగుతున్నా."

గ్రౌండులోంచి అంపైరు ఈల వినిపించింది. ఇటువైపు బ్యాటింగు చిటికెలో ముగిసిపోయింది. మళ్లీ బంతి వెయ్యాల్సిన వంతు ప్రగతి క్లబ్బుది. శరత్‌చంద్ర సరోజినీదేవి చేతిలోంచి చొక్కా లాక్కుని సువార్త ఎదుట చాపి పట్టుకున్నాడు. చంకల దగ్గర తడి మరకలు కనిపించాయి.

"టైము లేదు. వేసుకో."

సువార్త రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"నేను వెయ్యను సార్."

గ్రౌండులో ఎనిమిది మంది అమ్మాయిలు ఎవరి చోట్లలో వాళ్లు నిలబడ్డారు. క్యాచరు గ్లవ్వు తెరిచి మోకాళ్ల మీద కూర్చుంది. నెల్లూరు బ్యాటరు బ్యాటు కొసతో నేలను రెండుసార్లు కొట్టి ఎదురుచూస్తోంది. సున్నంతో గీసిన పిచ్చరు వలయంలో ఎవరూ లేరు. "పిచ్చర్! పిచ్చర్ ఎక్కడ?" అని అంపైరు రెండోసారి అరిచాడు. షామియానా కింద సెలెక్టరొకాయన నోటుపుస్తకం మూసి, కుర్చీలోంచి లేచి, కారు ఉన్న వైపు తొంగి చూశాడు.