ఎడమ కాలి మేజోడు

"పాసైతే సంతోషం. ఫెయిలైతే ఇంకా సంతోషం," అన్నాడు మా ఆయన క్లేటన్, పరీక్ష రోజు పొద్దున నా నల్లకోటుకి అంటిన పాలమరకని తడిగుడ్డతో తుడుస్తూ.

నవ్వుతూనే అన్నాడు. కానీ తలుపు పక్కన రెండు సూట్‌కేసులు నిలబెట్టి ఉన్నాయి. వారం క్రితం అటక మీంచి దించాడు. ఎందుకని అడిగితే దుమ్ము దులపడానికన్నాడు. దులిపాక మళ్ళీ పైన పెట్టలేదు.

అమెరికాలో, ఒహాయోలో నేను ఎనిమిదేళ్ళు అంబులెన్సులో పనిచేశాను. డాక్టర్ అవ్వాలనే పిచ్చి అక్కడే పట్టుకుంది. మా దేశంలో ఆ చదువు మా తాహతుకి మించింది కాబట్టి హంగరీ వచ్చాం. తీసా నది ఒడ్డున ఊరు, ఇంగ్లీషులో పాఠాలు, ఆరేళ్ళ చదువు. అందులో నాలుగేళ్ళు గడిచాయి. మా పాప హేజెల్ ఇక్కడే పుట్టింది. దానికి రెండున్నరేళ్ళు. శిశువిహార్‌లో నేర్చుకున్న హంగేరియన్‌లో వాళ్ళ నాన్నని మంచినీళ్ళు అడుగుతుంది. ఆయన బిక్కమొహం వేసుకుని ఒక్కో బొమ్మే తెచ్చి చూపిస్తాడు.

క్లేటన్ కష్టం నాకు తెలియక కాదు. అక్కడ చేతినిండా పని ఉన్న వడ్రంగి. ఇక్కడ భాష రాక, పని దొరక్క, వంటింటికీ పార్కుకీ మధ్య తిరుగుతున్నాడు. పైగా పిల్లని చూడటానికి నెలనెలా ఎడిత్ అనే నర్సమ్మ ఇంటికొస్తుంది. ఇక్కడ ప్రతి పిల్లకీ ఒక నర్సమ్మ ఉంటుంది, వద్దన్నా వస్తుంది. మంచి మనిషే. కానీ టోపీ ఏదంటుంది, సాక్సులేవంటుంది, ఈ గాలిలో కిటికీ ఎవరు తెరిచారంటుంది.

"మా అమ్మ కూడా నన్నిన్ని మాటలనలేదు కొరీ," అన్నాడొకసారి. "ఈ దేశంలో అందరూ మంచోళ్ళే. అదే నా చావుకొచ్చింది. ఎవర్ని తిట్టుకోవాలో తెలీట్లేదు."

నా సంగతి చూస్తే, జనరల్ మెడిసిన్ వార్డు పరీక్ష అప్పటికే రెండుసార్లు పోయింది. ఇది మూడోసారి, ఆఖరిసారి. ఇది కూడా పోతే పేరు కొట్టేస్తారు. నాలుగేళ్ళూ నీళ్ళపాలే. క్లేటన్ అన్న మాటకి ఒళ్ళు మండింది గానీ, ట్రామెక్కాక నాకూ ఒక్క క్షణం ఒహాయోలో మా వాకిలి కళ్ళ ముందు మెదిలింది. వెంటనే చెంపలు వేసుకున్నాను.

పరీక్ష సంగతి ఇది. ఒక రోగిని చూపిస్తారు, నలభై నిమిషాలిస్తారు. హంగేరియన్‌లో అన్నీ అడిగి తెలుసుకోవాలి, ఒళ్ళంతా పరీక్షించాలి. తర్వాత ప్రొఫెసర్ వచ్చి మంచం పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పమంటాడు. నాకు ఆరో గదిలో కిటికీ పక్క మంచం పడింది. ఆ మంచం మీద ఉన్నది బోరిష్కా మామ్మ.

బయట వరండాలో నిలబడ్డ నా తోటివాళ్ళు "అదృష్టమంటే నీదే" అన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆ పల్లెటూరి మనిషి పంతొమ్మిది రోజులుగా అదే మంచం మీద ఉంది. విద్యార్థులు వచ్చి వచ్చి, తన జబ్బు ఆవిడకి పాఠంలా నోటికొచ్చేసింది.

"రా, అమెరికా పిల్లా, రా, కూచో. మొహం అలా పీక్కుపోయిందేంటి? పొద్దున్న ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను మామ్మగారూ. మీకెలా ఉంది?"

"ఇదిగో, మీ అమెరికావాళ్ళతో ఇదే గొడవ. పళ్ళన్నీ బయటపెట్టి ఎలా ఉందంటారు. ఆస్పత్రిలో పడున్నదాన్ని, ఎలా ఉంటాను? కాగితం తీసి రాసుకో."

"నేను పరీక్ష చేసి..."

"చేద్దువుగానిలే. ముందు రాసుకో. గుండె నీరసం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పడుకోవాలంటే మూడు దిళ్ళు కావాలి. లివరు రెండు వేళ్ళు కిందికి దిగింది. ఇదిగో ఇక్కడ, ఎడం పక్క గొట్టం పెట్టి వింటే బుస్సుమని చప్పుడొస్తుంది. అది చెప్పకపోతే మీ ప్రొఫెసర్ కెలెమెన్ మొహం మాడ్చుకుంటాడు. కాళ్ళకి నీరు. ఇంతంత ఉండేవి, మందులకి తగ్గాయి. అంతే. నీకు ముందు పదకొండు మందొచ్చారు. పదకొండు మందీ గట్టెక్కారు."

రాసుకున్నాను. సిగ్గుపడుతూనే ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను. తర్వాత గొట్టం పెట్టి వింటే ఆవిడ చెప్పిన చోటే, చెప్పినట్టే వినిపించింది.

"రేపు నన్ను పంపించేస్తున్నారు," అంది, నేను లివరు తడుముతుంటే. "శనివారం మా ఇంట్లో పందికోత, ఏడాదికొక్కసారి వచ్చే పండగ. మా ఆయన పోయినప్పట్నుంచీ పేగుల్లో కూరే సాసేజి మాంసానికి మసాలా కలిపేది నేనే. నేను లేకపోతే మా కోడలు చెయ్యి పెడుతుంది. దానికి ఉప్పెయ్యడం రాదు. పైగా వచ్చే ఏడు పందినే కొననంటోంది. ఇదే ఆఖరు కోత, తెలిసిందా? దీనికి నేను లేకపోతే ఇంక దేనికీ ఉన్నట్టు కాదు."

"వెళ్ళిపోతారులెండి. కాళ్ళొక్కసారి చూస్తాను."

"చెప్పానుగా, నీరని."

రెండు కాళ్ళకీ మోకాళ్ళ దాకా ఉన్ని మేజోళ్ళున్నాయి. కుడికాలు తనే చాపింది. మేజోడు తీసి చూశాను. కొద్దిగా నీరు, అంతే. ఎడమ దాని మీద చెయ్యి వెయ్యగానే గబుక్కున దుప్పటి లాక్కుంది.

"అది వద్దులే. చలి."

మామూలుగా అయితే వదిలేసేదాన్నేమో. కావలసిందంతా కాగితం మీద ఉంది. కానీ ఎనిమిదేళ్ళ అలవాటు, చెయ్యి ఆగలేదు. మేజోడు కిందికి లాగాను. పిక్క ఎర్రగా, బిగుసుకుపోయి, కుడిదానికన్నా బాగా లావుగా ఉంది. వేలితో నొక్కితే మామ్మ పెదవి కొరుక్కుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

"నర్సుకి చెప్పారా?"

"చెప్తే పంపిస్తారా? డాక్టర్లొస్తే కుడికాలు ముందుకు చాపేదాన్ని." నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు రోగి పట్టులా లేదు. "ఇదిగో పిల్లా. నీ పరీక్ష నేను పాస్ చేయిస్తున్నాను. నా కాలు నువ్వు చూడలేదు. శనివారం అవనీ. ఆదివారం నేనే వచ్చి చూపించుకుంటాను. మాటివ్వు."

ఆ పిక్కలో ఉన్నది గడ్డకట్టిన రక్తమని నాకు తెలుసు. అది కదిలి ఊపిరితిత్తులకి చేరితే ఆదివారం దాకా ఆగదనీ తెలుసు. ఒహాయోలో ఒకావిడ, సరిగ్గా ఇలాంటి కాలే, ఆస్పత్రికి రానంటే రానంది. బిల్లు కట్టుకోలేనంది. మా దగ్గర దానికొక కాగితం ఉంటుంది, నా ఇష్టంతోనే రావట్లేదని రోగి ఒప్పుకునేది. సంతకం పెట్టించుకుని, జాగ్రత్తమ్మా అని చెప్పి వచ్చేశాం. మర్నాడు మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాం. ఈసారి సంతకం అవసరం లేకపోయింది. అలాంటి సంతకాలు నేను ఎన్ని పెట్టించానో లెక్కలేదు.

వరండాలో ప్రొఫెసర్ బూట్ల చప్పుడు వినిపించింది.

"మాటివ్వు!"

"సరే," అన్నాను.

ప్రొఫెసర్ కెలెమెన్ పొడుగాటి మనిషి. నవ్వడానికి కూడా ఎవరిదో అనుమతి కావాలన్నట్టుంటాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను అప్పజెప్పాను. ఆయాసం, మూడు దిళ్ళు, లివరు రెండు వేళ్ళు, గుండెలో ఆ బుస్సు చప్పుడు. తలాడిస్తున్నాడు. రెండుసార్లు నన్ను ఫెయిల్ చేసినప్పుడు ఆ తల ఒక్కసారీ ఆడలేదు.

"బాగుంది. ఇంకేమైనా ఉందా?"

లేదు అని ఒక్క మాటంటే చాలు. అక్కడితో అయిపోయేది. మామ్మ దుప్పటి గుప్పిట్లో బిగించి నన్నే చూస్తోంది.

"ఎడమ కాలు. మొన్నట్నుంచీ వాచి ఉంది," అన్నాను.

ఆవిడకి ఇంగ్లీషు రాదు. కానీ నా చూపు ఎటు పోయిందో చూసింది. కెలెమెన్ దుప్పటి తీశాడు, మేజోడు లాగాడు, జేబులోంచి టేపు తీసి రెండు పిక్కలూ కొలిచాడు. నాలుగు సెంటీమీటర్ల తేడా. నర్సుని పిలిచి, వెంటనే స్కానింగ్‌కి పంపమన్నాడు, మంచం దిగనివ్వద్దన్నాడు. తర్వాత మామ్మ వైపు తిరిగి, "రేపు వెళ్ళడం కుదరదమ్మా," అన్నాడు.

"దొంగమొహమా!" మామ్మ లేచి కూర్చుంది. "సరే అన్న నోట్లో తడి ఇంకా ఆరలేదు! ప్రొఫెసర్ గారూ, దీనికి ఏమీ రాదు. అంతా నేనే చెప్పాను, ఇది రాసుకుంది. గుండె నేను చెప్పా, లివరు నేను చెప్పా. దాని జేబులో కాగితం చూడండి కావాలంటే!"

గదిలో మిగతా రోగులు తలలెత్తారు. కెలెమెన్ నా వైపు తిరిగాడు.

"నిజమేనా?"

కాదనొచ్చు. ముసలావిడ కోపంలో ఏదో అంటోందని నవ్వేస్తే చెల్లిపోయేది. కానీ ఆ క్షణంలో నాకు తలుపు పక్కన ఉన్న రెండు సూట్‌కేసులు కనిపించాయి. ఒక్క మాట చాలు. తప్పు నాది కాకుండా, పారిపోయానని ఎవరూ అనకుండా, క్లేటన్ వద్దన్నాడని నేను మానేశానన్న మాట రాకుండా ఇంటికెళ్ళిపోవచ్చు. ఎన్నాళ్ళ నుంచో మూసుకుపోయిన ఊపిరి ఒక్కసారి ఆడినట్టయింది.

"నిజమే. అంతా ఆవిడే చెప్పారు," అన్నాను. కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను.

కెలెమెన్ కాగితం చూడలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈవిడ పదకొండు మందికీ చెప్పింది. నాకు తెలియదనుకున్నారా? మొన్నటి నుంచి వచ్చినవాళ్ళే నలుగురున్నారు, ఒక్కరూ మేజోడు తీయలేదు. అడిగితే ఒక్కరూ నిజం చెప్పలేదు." పరీక్ష పుస్తకంలో మార్కు వేసి సంతకం చేశాడు. చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. "మీలాంటివాళ్ళని వదులుకోం."

నాకు ఏడుపొచ్చింది. సంతోషమనుకున్నాడు పాపం. చాలాసేపు చెయ్యి వదల్లేదు.

ఇంటికెళ్ళేసరికి నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. క్లేటన్ తలుపు తీసి మొహం చూడగానే అర్థమైందనుకున్నాడు. దగ్గరికి లాక్కున్నాడు. "పర్లేదు కొరీ, పర్లేదే. ఇంటికెళ్ళిపోదాం. అంతా మన మంచికే," అంటున్నాడు. అతని గొంతులో అంత ఆనందం నేను పెళ్ళిరోజు కూడా వినలేదు.

"పాసయ్యాను," అన్నాను.

నా వీపు మీద అతని చేతులు అలాగే ఉన్నాయి, కానీ వాటిలో బలం పోయింది. "అబ్బో! అయితే కేకు కొనాలి," అన్నాడు. హేజెల్ అప్పటికే ఒక సూట్‌కేసు తెరిచి అందులో ఎలుగుబంటిని పడుకోబెట్టింది. అతను ఎలుగుబంటిని తీసి దాని చేతికిచ్చి, కుర్చీ ఎక్కి, రెండు పెట్టెలూ అటక మీద పెట్టాడు. పెట్టాక వెంటనే దిగలేదు. గోడకి చెయ్యి ఆనించి అలా నిలబడ్డాడు.

శనివారం వార్డుకి వెళ్ళాను. స్కానింగ్‌లో గడ్డ తేలింది, మందు మొదలుపెట్టారు. ఒక్కరోజు ఆలస్యమైతే ఏమయ్యేదో అని నర్సులు చెప్పుకుంటున్నారు. అమెరికా అమ్మాయి నిజాయితీ గురించి కూడా చెప్పుకుంటున్నారు. నేను ఎటు వెళ్తే అటు ఆ మాటే. బోరిష్కా మామ్మ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చుని ఉంది. కొడుకు పొద్దున్నే కోత అవగానే తెచ్చి ఇచ్చిపోయాడట, వేడివేడి సాసేజి.

నన్ను చూసి గోడవైపు తిరిగింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "చప్పగా ఉంది," అంది గోడతో. "నాలిక్కి తగిలించి చూశా. ఒట్టి మిరప్పొడి, ఉప్పు లేదు. నేను చెప్పలా?"

"మామ్మగారూ, ఆ రోజు నిజమేనని ఎందుకన్నానో తెలుసా?"

"మంచిదానివిగా. ఆస్పత్రంతా చెవులు చిల్లులు పడేలా చెప్తున్నారు."

"కాదు. ఫెయిల్ చేస్తాడనుకున్నాను."

ఇటు తిరిగింది. నా మొహంలోకి చూసింది, నేను ఆవిడ పిక్కని చూసినట్టే.

"ఇంటికెళ్ళిపోవాలనా?"

"ఆ."

"మీ ఆయనకి తెలుసా?"

"చెప్పలేదు. చెప్పను కూడా."

కిటికీ బయట మంచు పడుతోంది. పక్క మంచం ఆవిడ దగ్గుతోంది. మామ్మ ఎడమకాలు దిండు మీద ఎత్తి పెట్టి ఉంది, మేజోడు లేదు.

"నన్ను ఇంకో పది రోజులుంచుతారట," అంది. "నీకింకా ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు."

వేళ్ళు మడిచి తన రోజులూ నా ఏళ్ళూ లెక్క చూసుకుంది. తర్వాత కత్తితో సాసేజి కోసి, పళ్ళెం నా వైపు తోసింది.

"అయితే పెద్ద ముక్క నువ్వే తిను."