రెండు కాదుల లెక్క

తాతారావు మేస్టారి నోటి వెంట "సరే" గానీ "కుదరదు" గానీ తిన్నగా రావడం ఎవరూ విని ఎరగరు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని మేనమామ అడిగితే "నచ్చలేదని నేనన్నానా?" అన్నాడు. ఆ ముక్కతోనే చిన్నమ్మలుతో పెళ్ళయిపోయింది. శృంగవరపుకోట పక్క పల్లెలో పుట్టి, ట్రెయినింగు పాసై, సొంత ఊరి బడిలో హాయిగా ఉన్నవాణ్ణి ఏజెన్సీకి వెళ్తావా అని పైఅధికారి అడిగితే "వెళ్ళననడం లేదండీ" అన్నాడు. నెల తిరక్కుండా అరకు కొండల్లో గడ్డి కప్పిన బడి ముందు ట్రంకుపెట్టె దించుకుని, వారం తిరక్కుండా మన్నెపు జ్వరం తెచ్చుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఎవరి మనసూ నొప్పించకూడదనుకునే రకం. ఆ మంచితనం వల్ల పక్కవాళ్ళు ఎంత అవస్థ పడుతున్నారో మాత్రం అతనికి తెలీదు, పాపం.

ఇది మన్యంలో తెల్లదొరల మీద లేచిన ఫితూరీ అణిగిన రెండేళ్ళకు జరిగిన సంగతి. ఆ బడిలో అందరికంటే పెద్దది సుక్రు కూతురు సోములమ్మ. పదిహేడు నిండాయి. పొద్దున్నే వచ్చి బడి ఊడ్చి, చిన్నపిల్లలకు అక్షరాలు తనే దిద్దించి, వాళ్ళు వెళ్ళాక తన పలక తీసుకుని మేస్టారి ముందు కూచునేది. పట్నంలో ఆడవాళ్ళ ట్రెయినింగు స్కూలు వాళ్ళు ఆ ఏడు కొండపిల్లనైనా చేర్చుకుంటామన్నారు, ముందు శృంగవరపుకోటలో పెట్టే పరీక్ష నెగ్గితే. ఆ కబురు తెచ్చింది తాతారావే. తెచ్చిన రోజు నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. తన ఊళ్ళో, తన పిల్లలకు, తన వాళ్ళ మాట తెలిసిన పంతులమ్మ ఉండాలని ఆమె ఆశ.

సుక్రు మాత్రం ఒక్కటే షరతు పెట్టాడు. "మేస్టరు కూడా ఎల్లాల. పరీచ్చ అయిందాకా ఆళ్ళింట్లో ఉంచుకోవాల. అట్టయితే పంపుతాను, నేకపోతే నేదు." ఆ మాట సంతలో తాతారావునే నిలబెట్టి అడిగాడు. తాతారావు తలపాగా సర్దుకుని, "తీసుకెళ్ళనని అనలేదు కదా, చూద్దాం" అన్నాడు.

చూడ్డానికేముంది? ఇంటి దగ్గర అతని తల్లి అసిరమ్మ ఉంది. తేనె అమ్ముకునే కొండవాళ్ళు ఊళ్ళోకి వస్తే వీధరుగు కిందే నిలబెట్టి బేరమాడే మనిషి. ఆవిడ ముందుకు ఒక కొండపిల్లను తీసుకెళ్ళి, అమ్మా, దీనికి అన్నం పెట్టు అనడం అతని వల్ల అయ్యే పని కాదు. ఆ సంగతి సుక్రుకీ చెప్పలేదు, సోములమ్మకీ చెప్పలేదు. రోజులు మాత్రం దగ్గరపడ్డాయి.

ఇదిలా ఉండగా సోములమ్మకు లెక్కల్లో ఒకచోట బండి దిగబడింది. భిన్నాలు వచ్చేశాయి, త్రైరాశికం వచ్చేసింది. సున్న కంటే తక్కువైన సంఖ్యల్ని కూడమన్నా తియ్యమన్నా కొండ ఎక్కి దిగినట్టు చేసేసింది. మైనస్ మూడుని నాలుగుతో గుణిస్తే మైనస్ పన్నెండు, అదీ సరే. మూడేసి మెట్లు నాలుగుసార్లు దిగాం, పన్నెండు మెట్ల కింద ఉన్నాం. కాని మైనస్ మూడుని మైనస్ నాలుగుతో గుణించమంటే మళ్ళీ మైనస్ పన్నెండే వేసేది. కొట్టేసి మళ్ళీ వెయ్యమంటే మళ్ళీ అదే.

"ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం వస్తుందమ్మా" అన్నాడు తాతారావు, తనకు చిన్నప్పుడు బెత్తంతో నేర్పిన సూత్రాన్ని.

సోములమ్మ నవ్వేసింది. "మా పెదనాన్న అప్పు మీద అప్పు సేసినాడు మేస్టారు. ధనం రానేదు, షావుకారింట పాలేరుతనం వచ్చింది."

ఆ మాట అక్కడితో వదిలేసి తాతారావు ఇంకో దారి పట్టాడు. ఈ దారి తనకు బాగా అలవాటైనదే. "చూడు, 'రాను' అంటే మైనస్. 'రాను అనను' అంటే ఆ మైనస్ మీద ఇంకో మైనస్. 'రాననను' అంటే ఏమిటి అర్థం? వస్తాననే కదా. రెండు కాదులు కలిస్తే ఒక అవును."

ఈసారి ఆ పిల్ల నవ్వలేదు. పలక ఒళ్ళో పెట్టుకుంది. "కాదు మేస్టారు" అంది. "అడివి గార్డు మా అయ్యతో 'పోడుకి చెట్లు కొట్టొద్దనలేదు కదా' అన్నాడు. కొట్టినాక గొడ్డలట్టుకు పోయినాడు. షావుకారు మా అమ్మతో 'ఉప్పు ఇవ్వననలేదు కదా' అన్నాడు. మొన్నటి సంతకీ ఇయ్యనేదు. మా ఊళ్ళో వస్తే వస్తామంటాం, రాకపోతే రామంటాం. ఈ రెండు కాదులూ కొండ కిందోళ్ళే అంటారు. అన్నప్పుడల్లా అది కాదే."

చెప్పాలా వద్దా అని చూసింది కాబోలు, తల వంచుకునే చెప్పింది. "మా అయ్యకి మీరూ అట్టాగే అన్నారు."

తాతారావుకు చెంప మీద కొట్టినట్టయింది. కొట్టాలని అన్న మాట కాదది. అందుకే మరీ గట్టిగా తగిలింది. "సూత్రం బట్టీ పట్టెయ్యి. పరీక్షలో ఎందుకని అడగరు" అన్నాడు.

"పడతాను, రాసేస్తాను" అంది సోములమ్మ. "రేపు నాను పిల్లలకి సెప్పాల గదా. నాకే నమ్మకం లేనిది ఆళ్ళకెట్ట సెప్పేది?"

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. పదేళ్ళుగా పిల్లలకు ఆ సూత్రం చెబుతున్నాడు. ఎందుకని అడిగినవాడు లేడు, అడిగితే చెప్పగలిగేవాడూ కాడు. ఈ పిల్ల అడిగింది. తను ఆ పిల్లకు సూత్రమూ విడమరిచి చెప్పలేకపోయాడు, వస్తానో రానో కూడా చెప్పలేకపోయాడు.

సంతరోజు వచ్చింది. కొండ దిగి బండి పట్టుకోవాలంటే ఆ పొద్దే బయల్దేరాలి. సోములమ్మ మూట కట్టుకుని తెల్లారకుండానే బడి గుమ్మంలో కూచుంది. వెళ్తానన్న ధీమాతో కాదు, వెళ్ళే రోజు కనక. సుక్రు ఇంకా రాలేదు. తాతారావు ఇంట్లోంచి వచ్చి, ఆ మూట చూసి, కొండవైపు తిరిగి నిలబడ్డాడు.

పై ఊళ్ళ ఆడవాళ్ళు అడ్డాకుల మోపులు నెత్తిన పెట్టుకుని బారుగా దిగుతున్నారు. బడి మీదుగానే దారి. ముందు నడుస్తున్న ముసలామె చుట్ట కాలుస్తూ సరిగ్గా బడి ముందుకు వచ్చింది, పలకరించింది, సాగిపోయింది. తాతారావు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. తరవాత చటుక్కున తిరిగాడు.

"సోములమ్మా, ఒక చుట్ట కాలేంతసేపట్లో వీళ్ళు ఎన్ని మలుపులు దిగుతారు?"

"మోపుతోనా? మూడు దిగుతారు."

"మన బడి సున్న అనుకో, ముసలామె మన ముందున్న క్షణమూ సున్నే. పైకి ప్లస్, కిందికి మైనస్. అయితే వాళ్ళ నడక చుట్టకి మైనస్ మూడు. అవునా? ఇంకో నాలుగు చుట్టలు గడిచాక ఆ ముసలామె ఎక్కడుంటుంది?"

"పన్నెండు మలుపుల కింద. మైనస్ పన్నెండు. అది నాకు ముందే వచ్చు గదా."

"రాబోయే నాలుగు చుట్టలు ప్లస్ నాలుగు. మరి గడిచిపోయినవి? నాలుగు చుట్టల కిందట?"

"గడిచినవి మైనస్..." అని ఆగిపోయింది సోములమ్మ.

"ఆమె దిగుతూనే ఉంది. నడక మారలేదు, మైనస్ మూడే. కాలం మైనస్ నాలుగు. అప్పుడు ఆమె ఎక్కడుంది?"

సోములమ్మ లేచి నిలబడి కొండవైపు చూసింది. ముసలామె వచ్చిన దారి అంతా మలుపు మలుపుగా కనిపిస్తోంది. "పైన" అంది నెమ్మదిగా. "పన్నెండు మలుపుల పైన. కిందికి దిగే మనిషి ఇందాక పైనే ఉండాల గదా." పలక మీద మైనస్ మూడు, మైనస్ నాలుగు వేసి, కింద పన్నెండు రాసింది. ముందు ఏ గుర్తూ పెట్టలేదు. వేలితో దాని ముందు ఖాళీని ఒకసారి తడిమి చూసుకుంది.

తాతారావు ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. మిగిలింది ఆ పిల్లే లాక్కుపోయింది. "నాలుగు చుట్టల కిందట పన్నెండు మలుపుల పైనుంటే, చుట్టకెంత? పన్నెండుని మైనస్ నాలుగుతో భాగిస్తే మైనస్ మూడు. దిగుతున్నట్టు. పన్నెండు మలుపుల కిందికి ఎప్పుడెల్తాది? మైనస్ పన్నెండుని మైనస్ మూడుతో భాగిస్తే నాలుగు. ప్లస్సే. ఇంకా ఎల్లనేదు, ఎల్తాది." ముఖం వెలిగిపోయింది. తాతారావుకు కూడా కళ్ళు చెమర్చాయి. పదేళ్ళ పంతులుతనంలో ఆ లెక్క అతనికీ ఆ పొద్దే అర్థమైంది మరి.

సరిగ్గా అప్పుడే సుక్రు వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని, కూతురి మూట వైపు ఒకసారి చూసి, మేస్టారి వైపు తిరిగాడు. "ఏటి మేస్టరూ, తీసికెల్తావా?"

"తీసుకెళ్ళనని..." అని మొదలెట్టాడు తాతారావు. నాలుక తన పాత దారిన తను పోయింది.

సోములమ్మ పలక చంకలో పెట్టుకుంది. కోపం లేదు. "లెక్కలో ఒప్పుకున్నాను మేస్టారు. అది నిజమే" అంది. "మాటలో మాత్రం ఒప్పుకోలేను. వస్తే వస్తాననండి. రాకపోతే మూట ఇప్పుకుంటాను."

తండ్రీ కూతుళ్ళిద్దరూ అతని ముఖంలోకే చూస్తున్నారు. "వస్తాను" అన్నాడు తాతారావు. మాట చాలా చిన్నగా వచ్చింది. మళ్ళీ అన్నాడు, "వస్తాను. మా ఇంట్లోనే ఉంటుంది." సుక్రు తలూపి, ఇంకో మాట లేకుండా మూట తీసి కూతురి నెత్తిన పెట్టాడు.

సంతకు వెళ్ళే ఆడవాళ్ళతో కలిసి కొండ దిగారు. మలుపు మలుపుకీ తాతారావు ధైర్యం కూడా దిగుతూ వచ్చింది. బండి ఎక్కేసరికి సగం అయింది. సొంత ఊరి పొలిమేర కనిపించేసరికి అడుగంటింది. ఇంటి ముందు బండి ఆగేటప్పటికి అసిరమ్మ వీధి గుమ్మంలోనే ఉంది.

"ఎవులీ గుంట?"

"మా బడి పిల్లమ్మా, సోములమ్మ. పరీక్షకి వచ్చింది. అయ్యేదాకా మనింట్లో ఉంటుంది."

అసిరమ్మ సోములమ్మను పైనుంచి కిందికి చూసింది. మెళ్ళో పూసలు చూసింది, ముక్కున కమ్ములు చూసింది. "పసులపాకలో సాప ఏత్తే సాలదేటి?"

"చాలదు" అన్నాడు తాతారావు. తల్లికి ఎదురుగా అలాంటి మాట అనడం అదే మొదలు. అనేశాక ఇక ఆపుకోలేదు. "లోపల చిన్నమ్మలు దగ్గర పడుకుంటుంది. నా పక్కన కూచుని తింటుంది."

గుమ్మం వెనక చిన్నమ్మలు గాజుల చప్పుడు ఆగిపోయింది. అసిరమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. ఆవిడకూ కొడుకంటే ప్రాణమే. ముఖం పక్కకు తిప్పుకుని, "నానొద్దన్నానేటి? నీ ఇల్లు, నీ ఇట్టం" అంది.

తాతారావుకు కొండంత బరువు దిగినట్టయింది. తల్లి అంతకంటే ఏం చెబుతుంది? గబగబా కాళ్ళు కడుక్కుని గడప దాటాడు. దాటాక వెనక్కి చూస్తే, సోములమ్మ వీధిలో బండి పక్కనే, నెత్తిన మూటతో నిలబడి ఉంది. ముఖంలో అలకా లేదు, ఆశా లేదు. నిలబడడం అలవాటైన చోటే నిలబడ్డట్టుంది.

"రావేం?"

"అమ్మ ఒద్దననేదు" అంది సోములమ్మ, అతనికి మాత్రమే వినబడేటట్టు. "రమ్మననూ నేదు."

తాతారావు తడికాళ్ళతోనే మళ్ళీ వీధిలోకి దిగాడు. వచ్చి ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు. "అమ్మా, రమ్మను."

"ఒద్దననేదు గదరా."

"అది చాలదమ్మా. ఆ మాట నువ్వూ నేనూ అనుకునేది. ఈ పిల్లకి ఇన్నాళ్ళూ ఆ మాట అన్నవాళ్ళెవరూ తలుపు తియ్యలేదు. నువ్వు రమ్మంటేనే వస్తుంది. తను వస్తేనే నేనొస్తాను."

అసిరమ్మకు ఈ గొడవేమిటో అర్థం కాలేదు. కొడుకు తడికాళ్ళకు వీధి మట్టి అంటుకుంటోంది. పొద్దుటి నుంచీ అన్నం తిన్న ముఖం కాదది. పక్కన ఆ పిల్లదీ కాదు. ఆవిడ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎదురింటివాళ్ళు అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. అటూ చూసింది.

"రా" అంది.

ఆ ఒక్క మాట చాలలేదని ఆవిడకే అనిపించింది కాబోలు, గుమ్మంలోంచి పక్కకు జరిగి మళ్ళీ అంది. "రాయే గుంటా, లోనికి రా. బేగి కాళ్ళు కడుక్కో, కూడు సల్లారిపోతంది."

సోములమ్మ నెత్తి మీది మూట దించుకుని గడప దాటింది.