అడుగున అద్దం

నేను ఒక పడవను. కడుపుకి కావాలని చిల్లు పెట్టి, ఆ చిల్లుకి అద్దం బిగించిన పడవను. మీలో ఎవరైనా అండమాన్ వెళ్లి ఉంటే నాలాంటిదాన్ని ఎక్కే ఉంటారు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, అద్దంలోంచి సముద్రం అడుగుకి చూసి, "అబ్బ" అని, ఆ వెంటనే ఫోను తీసి ఉంటారు. నేను తిరిగిన దీవి పేరు మాత్రం చెప్పను. చెబితే వచ్చే సెలవులకి టిక్కెట్లు వెతుక్కుంటారు. మీ మీద కోపం కాదు, మిమ్మల్ని బాగా ఎరుగుదును, అంతే.

పుట్టినప్పుడు నాకు అద్దం లేదు. పోర్ట్‌బ్లెయిర్ అవతల ఒక రేకుల షెడ్డులో నన్ను కట్టారు. నా మొదటి యజమాని కొబ్బరికాయల వ్యాపారి. దీవి నుంచి దీవికి నా చేత కాయలు మోయించాడే తప్ప, ఏనాడూ నీళ్లలోకి తొంగి చూసిన పాపాన పోలేదు. అతను నాకంటే పెద్ద పడవ కొనుక్కున్నాక నన్ను ఒడ్డున పక్కకి పడేశాడు. పీతలు నాలో కాపురాలు పెట్టాయి. అక్కడి నుంచి నన్ను లేవదీసినవాడు సూరాడ దానయ్య.

దానయ్య తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేట కోసం ఈ దీవులకి వచ్చి, తిరిగి వెళ్లకుండా ఉండిపోయిన మనిషి. దానయ్య ఇక్కడే పుట్టాడు. పెళ్లి మాత్రం తండ్రి ఊరి పిల్లనే చేసుకుని తెచ్చుకున్నాడు. ఆమె ఎర్రమ్మ. వేట సన్నగిల్లి, టూరిస్టుల ఓడ రోజూ రావడం మొదలయ్యాక మొగుడూ పెళ్లాం ఆలోచించి, వలలన్నీ అమ్మేసి నన్ను కొన్నారు. అడుగున చిల్లు పెట్టమన్నప్పుడు వడ్రంగి కాసేపు పని ఆపి నవ్వాడు. చిల్లు పూడ్చమని వచ్చేవాళ్లనే చూశాడు పాపం. అద్దం బిగించాక ఎర్రమ్మ నా ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసింది. ఇక మమ్మల్ని ఆ దేవుడే కాపాడాలని వడ్రంగి అనడం నేను విన్నాను.

అంతవరకూ నీళ్ల మీద బతికానే కానీ నీళ్ల కింద ఏముందో నాకు తెలియదు. మొదటి రోజు జెట్టీ దాటి పగడాల దిబ్బ మీదికి వెళ్లినప్పుడు నాకు మతి పోయింది. దుప్పి కొమ్ముల్లా ఉన్నవి కొన్ని, గోబీ పువ్వుల్లా ఉన్నవి కొన్ని. ఊదా, పసుపు, గచ్చకాయ రంగు. వాటి చుట్టూ చిలకముక్కులాంటి మూతులతో ఆకుపచ్చ చేపలు. పొద్దస్తమానం పగడాల మీద పాచిని కరకరా గీక్కుతినడమే వాటి పని. ఆ చప్పుడు నా అడుగు చెక్కలకి తెలిసేది. దిబ్బ మీద లంగరు వేయడానికి దానయ్య ఒప్పుకునేవాడు కాదు. ఇంజను ఆపేసి, వెదురు గడతో మెల్లగా నెట్టుకుంటూ తిప్పేవాడు. వచ్చిన జనానికి కింద చేపలు కనిపించేవి. నాకు పైన వాళ్ల గడ్డాలు, ముక్కు రంధ్రాలు కనిపించేవి. ఎంత పెద్ద ఉద్యోగస్థుడైనా కింద నుంచి చూస్తే చిన్నపిల్లాడే.

ఆ రోజులు నాకు ఇష్టం. ఇలాగే ఉంటుందనుకున్నాను.

ఎర్రమ్మకి పుట్టింటి నుంచి వచ్చిన ఆచారం ఒకటుంది. పడవలో ఎవరు అన్నం తిన్నా తొలిముద్ద గంగమ్మకి వేయాలి. ఒక మధ్యాహ్నం జనం పడవలో ఉండగానే ఆమె క్యారేజీ విప్పి, కళ్లకి అద్దుకుని, ముద్ద నీళ్లలో వేసింది. అది నా అద్దం కిందికి జారింది. ఎక్కడెక్కడి చేపలూ ఒక్కసారిగా వచ్చి మూగాయి. అద్దం నిండా రంగులే. ముంబయి నుంచి వచ్చిన ఒకావిడ ఆనందం పట్టలేక ఎర్రమ్మ చేతులు పట్టుకుంది. మళ్లీ వేయమని అందరూ బతిమాలారు. ఎర్రమ్మ మళ్లీ వేసింది. గంగమ్మకి ఎన్ని ముద్దలు పెడితే అంత మంచిదేగా అనుకుంది.

మర్నాటి నుంచి జెట్టీ దగ్గర జనం "అన్నం పడవ" ఎక్కడని వెతుక్కుంటూ వచ్చారు. పక్క పడవల యజమాని బిస్వాస్ బెంగాలీవాడు. చురుకైనవాడు. అన్నం వండటం ఎందుకని రొట్టె ముక్కలు తెచ్చాడు. మిగతావాళ్లు బిస్కట్లు తెచ్చారు. చేపలు మాత్రం తక్కువ తిన్నాయా? ఇంజను చప్పుడు వినగానే పగడాలని వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చేవి. కరకర చప్పుడు తగ్గిపోయిందని ముందు పసిగట్టింది నేనే. కానీ నాకు చెప్పే నోరు లేదు. ఆకుపచ్చ పాచి పగడాల అంచుల మీద పట్టడం మొదలుపెట్టింది. రోజూ అద్దం తుడిచే దానయ్య ముందు మరక అద్దానిదే అనుకుని ఇంకా గట్టిగా తుడిచాడు.

మరక అద్దానిది కాదని చెప్పింది సుభాషిణి. కాకినాడ పిల్ల, పగడాల మీద పరిశోధన చేయడానికి వచ్చి, రోజూ వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలో మునిగేది. ఒక రోజు తడిబట్టలతో నా బల్ల మీద కూర్చుని, చేపలకి తిండి వేయడం మానేయమని నెమ్మదిగా అడిగింది. ఎర్రమ్మ ముఖం మాడిపోయింది.

"గంగమ్మకి తొలిముద్ద ఎయ్యొద్దంతావేటమ్మా? మాయమ్మ ఏసింది, మా అమ్మమ్మ ఏసింది. అక్కడి సముద్రానికేటైపోనాది?"

"వాళ్లు వేసింది ఒక్క ముద్ద, ఎర్రమ్మ గారూ. అదీ నడిసముద్రంలో. మీరంతా కలిసి ఒకే దిబ్బ మీద రోజంతా వేస్తున్నారు. కడుపు నిండిన చేప పాచి గీకదు. పాచి పెరిగితే దాని కింద పగడం బతకదు. పగడం పోయాక మీరు జనానికి ఏం చూపిస్తారు?"

ఎర్రమ్మ క్యారేజీ సర్దుకుని దిగిపోయింది. దానయ్య మాత్రం ఆ సాయంత్రం నా అద్దం మీద బోర్లా పడుకుని చాలాసేపు కిందికి చూశాడు. అతని ముఖం నాకు అంత దగ్గరగా ఎప్పుడూ కనపడలేదు. వలలు లేవు, వెనక పొలం పుట్రా లేవు. ఆ దిబ్బ ఉంటేనే ఈ దీవిలో అతనికి బతుకు. ఆ భయం కళ్లలో తెలుస్తూనే ఉంది.

దానయ్య మానేశాడు. ఎర్రమ్మని కూడా బతిమాలి మానిపించాడు. జనం నా అద్దంలోంచి చూసి, చేపలేవని అడిగి, అతను చెప్పబోయింది సగం విని బిస్వాస్ పడవ ఎక్కేవాళ్లు. అప్పుడు దానయ్య పడవల వాళ్లందరినీ జెట్టీ మీద కూర్చోబెట్టి విషయం చెప్పాడు. మీటింగు బ్రహ్మాండంగా జరిగింది. ఒక్కరూ కాదనలేదు. అందరూ మానితే తానూ మానతానని ప్రతివాడూ ఒట్టు పెట్టుకున్నాడు. మొదట మానాల్సినవాడు ఎవరన్నది మాత్రం తేలలేదు. మర్నాడు పొద్దున ప్రతి పడవలోనూ బల్ల కింద రొట్టె ముక్కల సంచి ఉంది. ఖాళీగా తిరిగిన పడవని నేనొక్కదాన్నే. అలా కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం దానయ్య అటు తిరిగినప్పుడు ఎర్రమ్మ కొంగు చాటు నుంచి అన్నం తీసి వేసింది. అతను చూశాడు. చూడనట్టు గడ వేస్తూనే ఉన్నాడు. వాళ్లని తప్పుపట్టడం నాకు చేతకాదు, ఎందుకంటే ఇంట్లో పొయ్యి సంగతి నాకూ తెలుసు.

ఆ వేసవిలో నీళ్లు కాగాయి. పగడాలు రంగు పోయి పాలలా తెల్లబడ్డాయి. అవి చావుకి దగ్గరపడ్డాయని సుభాషిణి కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఓడలో వచ్చినవాళ్లు ఎంత బాగుందోనని ఫొటోలు తీసుకున్నారు. నీళ్లు చల్లబడితే కొన్నైనా కోలుకుంటాయని ఆమె చెప్పింది. నీళ్లు చల్లబడ్డాయి. కానీ తెల్లబడిన పగడాల మీదికి పాచి దుప్పటిలా వచ్చి పడింది. దాన్ని గీకాల్సిన చేపలు నా కింద నోళ్లు తెరుచుకుని అన్నం కోసం చూస్తున్నాయి. తర్వాత చేపలూ పోయాయి. నా అద్దంలో మిగిలింది బూడిద రంగు రాళ్లు, వాటి మీద ఊగే నాచు. "ఏమీ లేదే" అన్న మాట అన్ని భాషల్లోనూ విన్నాను. సుభాషిణి పరిశోధన ముగించుకుని వెళ్లిపోతూ దానయ్య చేయి పట్టుకుంది.

వానలు తగ్గాక ఒక రోజు దానయ్య ఎర్రమ్మ ఒక్కదాన్నే ఎక్కించుకుని, నన్ను దీవి వెనక వైపుకి తిప్పాడు. అక్కడ రాళ్లు, సుడులు. ఏ పడవా వెళ్లదు. రాళ్ల సందులోంచి లోపలికి వెళ్లి ఇంజను ఆపాడు. నా అడుగు చెక్కలకి మళ్లీ ఆ కరకర తగిలింది. ఇక్కడా వేడి తాకింది, కానీ పగడాలు కోలుకుని ఊదాగా, పచ్చగా నిలబడ్డాయి. ఎర్రమ్మ అద్దం మీదికి వంగింది. కింద ఒక్క చేపా తలెత్తి చూడలేదు.

"ఈటికి మనం తెల్దు గావాల, మావా."

"అందుకే బతికున్నాయి."

ఆమె అరచేత్తో అద్దం తుడిచింది. తర్వాత అతని వైపు చూడకుండా అంది, "రోజుకో నలుగుర్ని తెత్తే సాలు, మన బతుకు నిలబడతాది. ముద్ద ఎయ్యను. నీ మీదొట్టు."

"నువ్వెయ్యవు. బిస్వాసు మన ఎనకాలే వత్తాడు. ఆడేత్తాడు."

దానయ్య ఇంజను వేసి నన్ను వెనక్కి తిప్పాడు. ఒడ్డుకి లాగాక నా అద్దం పగిలిపోయిందని దానయ్య ఊరందరికీ చెప్పాడు. పగిలిన మాట నిజమే. కొట్టింది దానయ్య. సుత్తి తెచ్చి ఇచ్చింది ఎర్రమ్మ. ముక్కలన్నీ ఏరి, చిల్లుకి చెక్క కొట్టి, నన్ను రిసార్టు కంచె పక్కన ఇసుకలో వదిలేశారు. ఆ రిసార్టులోనే అతనికి తోటపని, ఆమెకి గదులు తుడిచే పని దొరికాయి. గేటు దగ్గర ప్రకృతిని కాపాడమని అందమైన అక్షరాలతో బోర్డు ఉంది. దాని చుట్టూ పూలమొక్కలకి నీళ్లు పోసేది దానయ్యే.

ఆ రోజు జనం లేకుండా ఎటు వెళ్లారని బిస్వాస్ అడిగితే, చేపలకి వెళ్లామన్నాడు దానయ్య. అబద్ధం ఆడటం రాని మనిషి. వల లేకుండా, అద్దం పడవలో చేపలకి ఎవరు వెళ్తారు? బిస్వాస్ చెడ్డవాడు కాదు. అతని పడవల కింద కూడా రాళ్లే మిగిలాయి. అతనికీ పిల్లలున్నారు. వెతికాడు, ఆ చోటు దొరికింది.

నిన్న పొద్దున ఓడ దిగిన జనాన్ని ఎక్కించుకుని అతని పడవలు వరసగా బయల్దేరాయి. జెట్టీ దాటి ఎప్పటిలా పాత దిబ్బ మీద ఆగలేదు. దీవి వెనక్కి వెళ్లే మలుపు వైపు తిరిగాయి. బల్లల మీదే రొట్టె సంచులు. దానయ్య చేతిలో నీళ్ల గొట్టం పారేసి, కంచె దాటి, నన్ను దాటి పరుగెత్తాడు. బట్టలతోనే నీళ్లలోకి దిగి, నడుము లోతు దాకా వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ ఆగమని అరిచాడు. ఇంజన్ల హోరులో అతని అరుపు నాకే సరిగ్గా వినపడలేదు.

పడవల్లో ఉన్నవాళ్లు అతన్ని చూశారు. ఒకావిడ ఒళ్లో బిడ్డ చేయి పట్టుకుని పైకెత్తి ఊపింది. మిగతావాళ్లూ నవ్వుతూ చేతులెత్తారు. పడవలు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నారు.