రెండో తాళంచెవి

“మీరు పోతే?” అని అడిగింది డైరెక్టరమ్మ.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆవిడ వేళాకోళమాడే మనిషి కాదు. నగరంలోని గ్రంథాలయాలన్నిటికీ ఆవిడే పెద్ద. ప్రతి శాఖకూ ఒక వెబ్‌సైట్ కావాలి. దాన్ని అక్కడ పుస్తకాలు సర్దేవాళ్లే, ప్రోగ్రామింగ్ రాకపోయినా, పేజీలు రాసి ఫొటోలు పెట్టి నడుపుకోవాలి. అలాంటి పనికి సీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఏది తీసుకోవాలో తేల్చడానికి ఆవిడ కమిటీ వేసింది. కంపెనీ దగ్గర కొంటే, రేపు ఆ కంపెనీ మూతపడితే మన గతేమిటని, ఓపెన్ సోర్స్‌వే చూడమంది. అంటే కోడ్ అందరి కళ్లముందూ ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు.

వడపోతలో మూడు మిగిలాయి. మొదటిది ప్రపంచమంతా వాడేదే, కానీ దాని మెనూలు చూసి శాఖలవాళ్లు బెదిరిపోయారు. రెండోది చూడముచ్చటగా ఉంది, పాత కంప్యూటర్ల మీద మాత్రం నత్తనడక. మూడోది ‘అరుగు’. పిల్లల విభాగంలో పనిచేసే పెద్దావిడ, మౌస్ పట్టుకోవాలంటేనే విసుక్కునే మనిషి, ఎవర్నీ అడక్కుండా కథల గంట ప్రకటన అందులో పెట్టేసింది. దాంతో గదంతా అరుగు వైపు ఒరిగింది.

దాన్ని రాసినవాడు బల్ల చివర కూర్చుని ఉన్నాడు. అరుగు వాడేవాళ్లు ఆయన్ని మేస్త్రి అంటారు. పగలు అచ్చాపీసులో డీటీపీ పని. మిగతా బతుకంతా అరుగే. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాడు. కూతురు కాలేజీకొచ్చింది, ఆయన ఇంకా రాస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్లకు ఒక నగరం వచ్చి దాని మీద కూర్చుంటానంటోంది.

“పోతే అంటే?” అన్నాడు.

“బస్సు కింద పడ్డారనుకోండి. పడకూడదు లెండి. పడితే, అరుగు తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి?”

ఆవిడ అడుగుతున్నది అసలు ప్రతి గురించి. కాపీ ఎవరైనా తీసుకోవచ్చు. కానీ అసలు ప్రతిలో ఒక్క అక్షరం మార్చాలన్నా, కొత్త వెర్షన్ అందరికీ పంపాలన్నా అధికారం ఉండాలి. అది మేస్త్రి ఒక్కడికే ఉంది. అదే చెప్పాడు. అయితే కుదరదంది డైరెక్టరమ్మ. అధికారం ఉన్నవాళ్లు కనీసం ఇద్దరుండాలన్నది తమ నియమం. సోమవారంలోగా రెండో మనిషిని చూపిస్తే అరుగు, లేకపోతే మొదటిది.

ఇల్లు చేరేదాకా మేస్త్రి బుర్రలో ఒకే మనిషి తిరిగింది. టీచరమ్మ. ఎక్కడో దూరపు ఊళ్లో లెక్కలు చెప్పుకుంటూ, ఏళ్ల తరబడి అరుగులో తప్పులు పట్టి, సరిదిద్ది పంపిస్తోంది. ఆయన చూసి, నచ్చితే కలుపుతాడు. నిజం చెప్పాలంటే సగం అరుగు ఆవిడ చేతి మీదే నిలబడింది. నాకూ అధికారం ఇస్తే మీ భారం తగ్గుతుంది కదా అని ఓసారి మర్యాదగానే రాసింది. ఆయన జవాబివ్వలేదు. ఇప్పుడైనా ఇద్దామా? మొహం ఎరగని మనిషికి తాళంచెవి ఇస్తారా ఎవరైనా?

భార్యకు చెప్పాడు. ఆవిడ ఇస్త్రీ ఆపకుండానే తీర్పిచ్చింది.

“చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతుకుతారేం? మా తమ్ముడు లేడూ?”

ఆ తమ్ముడు, అంటే మేస్త్రి బావమరిది, షాపులకు వెబ్‌సైట్లు కట్టించి అమ్ముతాడు. తను ఒక్క ముక్క కోడ్ రాయడు, రాసేవాళ్లను పెట్టుకుంటాడు. మాట మాత్రం తేనె. వాడికి పని తెలియదే అని మేస్త్రి నసిగాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, పని తెలిసిన పరాయివాళ్లకంటే పని తెలియని మనవాడు నయమా కాదా అని అడిగింది. ఆలోచిస్తే నయమే అనిపించింది.

బావమరిది ఆ సాయంత్రమే వాలాడు. పేరుకే బావా, నేను దాన్ని వేలితో ముట్టుకుంటే ఒట్టు అన్నాడు. మేస్త్రి తనకున్న అధికారాలన్నీ తూచినట్టు వాడికీ ఇచ్చాడు. మీట తన వేలితోనే నొక్కాడు.

సోమవారం కమిటీ అరుగును ఎంచుకుంది. చప్పట్లు కూడా కొట్టారు.

కొన్నాళ్లకు పిల్లల విభాగం పెద్దావిడ ఫోన్ చేసింది. కథల గంట ప్రకటన ఒకరోజు ముందే మాయమైపోతోందట. అయిపోయిందనుకుని పిల్లలు రావడం మానేస్తున్నారట. తేదీల దగ్గర చిన్న పొరపాటు. మేస్త్రి చిటికెలో కనిపెట్టి, సరిచేసి, అసలు ప్రతిలో కలపబోయాడు. తెర మీద ఒక వాక్యం వచ్చింది: ఈ మార్పు చేసే అధికారం మీకు లేదు.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

బావమరిది మొదటి రింగుకే ఫోన్ ఎత్తాడు. అంటే ఎదురుచూస్తూనే ఉన్నాడన్నమాట. గ్రంథాలయాల నిర్వహణ కాంట్రాక్టు తన కంపెనీకి వచ్చిందని చల్లగా చెప్పాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, అందుకని బావకు విశ్రాంతి ఇచ్చాడట.

“అది నాదిరా,” అన్నాడు మేస్త్రి.

“లైసెన్సులో నువ్వే రాశావుగా బావా, ఎవరైనా వాడుకోవచ్చని. ఎవరైనా అంటే నేను కానా?”

“వాడుకోమన్నాను. నన్ను గెంటమనలేదు.”

“గెంటొద్దని కూడా రాయలేదు.”

మేస్త్రికి ఒక్క ఆశ మిగిలింది. తనను తీసేశాక వాడొక్కడే ఉన్నాడు. నియమం ప్రకారం ఇద్దరుండాలి. అచ్చాపీసుకు సెలవు పెట్టి తిన్నగా డైరెక్టరమ్మ గదికి వెళ్లాడు. ఆవిడ అంతా విన్నది. నొచ్చుకున్నది కూడా. తర్వాత తన కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. బావమరిది పక్కన రెండో పేరు ఉంది. టీచరమ్మది.

“మేం ఎంచుకున్నది మిమ్మల్ని కాదండీ, అరుగుని,” అంది. “మీరు పోతే ఏమవుతుందని ఆరోజు అడిగాను గుర్తుందా? ఏమీ కాలేదు.”

ఎత్తిపొడుపు కాదు. ఆవిడ గొంతులో ఉన్నది ఊరట.

ఆ పూటే టీచరమ్మకు రాశాడు. ఇన్నేళ్లలో అంత పొడుగు ఉత్తరం ఎన్నడూ రాయలేదు. ఓపెన్ సోర్స్‌లో గెంటేసినవాడికీ ఒక దారుంటుంది. కాపీ తీసుకుని, పక్కనే వేరే పేరుతో కొత్తది మొదలుపెట్టొచ్చు. మీరు వచ్చేయండి, ఇద్దరికీ సమానమైన అధికారం, మీ పేరే ముందు అన్నాడు. జవాబు మూడు ముక్కల్లో వచ్చింది.

“మీ బావమరిది అడిగారు. మీరు ఎప్పుడూ అడగలేదు. ఇల్లు మారే ఓపిక నాకు లేదు.”

అన్నం వడ్డిస్తూ భార్య ఓదార్చింది. “పోతే పోయింది లెండి. మనవాడి చేతికేగా పోయింది.” ఆయన ఇంకాస్త పెరుగు వేయమన్నాడు.

కాపీ అయితే తీశాడు. పేరు కూడా పెట్టాడు. తొంగిచూసినవాడు లేడు. వాడేవాళ్లందరికీ తెలిసిన చిరునామా పాతదే, అది బావమరిది చేతిలో ఉంది.

పెద్దావిడ మళ్లీ ఫోన్ చేసింది. ఆదివారం కథల గంటకు ఒక్క పిల్లా రాలేదట. ఇంకా బాగుచేయలేదేం అని నిష్ఠూరమాడింది. తనకు అధికారం లేదన్న సంగతి ఆవిడకు చెప్పబుద్ధి కాలేదు. అచ్చాపీసులో భోజనాల వేళ, కంప్యూటర్ ముందు కూర్చుని, సరిచేసిన ఆ నాలుగు లైన్లూ వీధి గుమ్మంలోంచి పంపాడు. బయటివాళ్లు ఎవరైనా దిద్దుబాట్లు పంపుకోవడానికని తనే తెరిచి పెట్టిన గుమ్మం అది.

వేలు తీసేలోగా జవాబొచ్చింది.

“మీ సూచనకు ధన్యవాదాలు. వీలు చూసుకుని పరిశీలిస్తాం.”

ఆ వాక్యం ఆయన రాసిందే. టీచరమ్మ మొట్టమొదట దిద్దుబాటు పంపినప్పుడు రాసి, మొహం ఎరగనివాళ్లందరికీ దానంతటదే వెళ్లేలా అమర్చాడు. అరుగులో ఆయన చేతి రాత చాలా మార్చేశారు. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.